అప్పు చేసి ఎంపీహెచ్ చదవడం: శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు ఏ దారి మేలు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బీఎస్సీ నర్సింగ్, బీడీఎస్, బీఫార్మసీ, బయోటెక్నాలజీ వంటి చదువులు ముగించుకొని ఎంపీహెచ్ వైపు, అంటే ప్రజారోగ్యంలో రెండేళ్ల పీజీ వైపు చూసే పిల్లలు కోవిడ్ తరువాత బాగా కనిపిస్తున్నారు. వాళ్ల ఉత్సాహం చూస్తే సంతోషం కలుగుతుంది, ఎందుకంటే ఈ రెండు జిల్లాలకు ఆ చదువు చదివినవాళ్ల అవసరం ఎంతో ఉంది. కానీ ఆ చదువు కోసం ఇళ్లలో వేసుకుంటున్న అప్పుల లెక్క వింటే దిగులు కూడా కలుగుతుంది. ఒకే డిగ్రీ కోసం ఒక ఇంట్లో 3 లక్షలు, ఇంకో ఇంట్లో 10 లక్షలు, మరో ఇంట్లో 45 లక్షలు అప్పు చేయడానికి సిద్ధపడుతున్నారు. చదువయ్యాక ఈ దేశంలోనే పని చేయాల్సివస్తే మాత్రం ఆ ముగ్గురూ దరఖాస్తు పెట్టేది దాదాపు ఒకే రకం ఉద్యోగాలకు.

వాళ్ల ముందున్న దారులు స్థూలంగా నాలుగు. మొదటిది, కేంద్ర ప్రభుత్వ సంస్థలోనో పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనో సీటు సంపాదించి చిన్న అప్పుతో చదవడం. రెండోది, ప్రైవేటు లేదా డీమ్డ్ విశ్వవిద్యాలయంలో 10 లక్షల దాకా అప్పుతో చదవడం. మూడోది, ఇల్లో స్థలమో తాకట్టు పెట్టి అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లడం. నాలుగోది, చేతిలో ఉన్న డిగ్రీతో ముందు ఉద్యోగంలో చేరి, రెండు మూడేళ్ల తరువాత ఎంపీహెచ్ గురించి ఆలోచించడం. నా అభిప్రాయం ముందే చెబుతాను: నర్సింగ్ చదివినవాళ్లకు నాలుగో దారిలో నడిచి మొదటి దారిలో కలవడం మేలు, మిగతావాళ్లకు మొదటి దారి మేలు, రెండో దారిని దాదాపు ఎవరికీ సిఫారసు చేయలేను. ఎందుకో వివరంగా చెప్పాలి.

ఈ చదువు చదివినవాళ్లు చేసే పని ఏమిటో, దానికి జీతం ఎవరిస్తారో మొదట చూడాలి. ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. దాని అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దానితోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పడకలకు డాక్టర్లు, నర్సులు కావాలి. పరిశోధనకు మాత్రం ఊరూరా తిరిగి రక్త నమూనాలు తీయించి, ఎవరి రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే కొలత) ఏ వయసులో ఎలా పెరుగుతోందో ఏళ్ల తరబడి నమోదు చేసి, ఆ అంకెలకు అర్థం చెప్పగలవాళ్లు కావాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు కూడా అంతే. ఏ ఇంటివాళ్లు ఏ నీళ్లు తాగారు, ఎవరికి ఏ రోజున విరేచనాలు మొదలయ్యాయి అని ఇంటింటికీ వెళ్లి రాసుకొని, ఆ వివరాలను ఊరి పటం మీద పెట్టి చూస్తే గాని కలుషితమైన చోటు బయటపడదు. ఎంపీహెచ్‌లో ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ పేర్లతో నేర్పేది ఈ పనే.

ఇంత అవసరమైన పనికి మన దేశంలో శాశ్వత ఉద్యోగాలు చాలా తక్కువ. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి దాకా పోస్టులు డాక్టర్లవి. డాక్టర్లు కాని ఎంపీహెచ్‌లకు దొరికేవి ఎక్కువగా జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పోస్టులు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు ఉద్యోగాలు, పరిశోధన సంస్థల్లో తాత్కాలిక పోస్టులు. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక కేడర్, అంటే విడిగా శాశ్వత ఉద్యోగుల శ్రేణి, ఉండాలని చెప్పింది, 2022లో కేంద్రం దానికి మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. ఆ కేడర్ వచ్చేస్తుందన్న ధీమాతో మాత్రం ఇప్పుడు అప్పు చేయకూడదు. కాంట్రాక్టు ఉత్తర్వు చేతికి వచ్చినప్పుడు అందరూ జీతం అంకె చూస్తారు. దాని కిందనే ఒప్పందం మార్చి 31తో ముగుస్తుందని, పని సంతృప్తికరంగా ఉండి నిధులు మంజూరైతేనే పొడిగిస్తారని ఒక వాక్యం ఉంటుంది. పదేళ్ల పాటు ప్రతినెలా కట్టాల్సిన వాయిదాను, ఏటేటా మార్చి 31న ప్రశ్నార్థకమయ్యే జీతం మీద ఆధారపడి తలకెత్తుకుంటున్నామన్న సంగతి ఆ వాక్యం దగ్గరే అర్థం కావాలి.

ప్రాజెక్టు ఉద్యోగాల సంగతి 2025లో అందరికీ తెలిసివచ్చింది. అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది జనవరిలో విదేశీ సాయాన్ని నిలిపివేసి, జూలై నాటికి ఆ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థనే మూసివేసింది. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో 2021 నుంచి ట్రాన్స్‌జెండర్ల కోసం నడిచిన మిత్ర్ క్లినిక్ అలాగే మూతపడింది. క్షయ, హెచ్‌ఐవీ కార్యక్రమాల్లో పనిచేసే ఎందరికో అకస్మాత్తుగా జీతాలు ఆగిపోయాయి. వాళ్లలో చదువులో వెనకబడినవాళ్లెవరూ లేరు. జీతమిచ్చే చోటే ఎండిపోయింది.

ఇక ఎంపీహెచ్ వల్ల జీతం ఎంత పెరుగుతుందన్నది, ఆ చదువుకు ముందు చేతిలో ఏ డిగ్రీ ఉందన్న దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. ఈ విషయం కాలేజీల ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. ఎంబీబీఎస్ చదివినవారికి ఎంపీహెచ్ కన్నా కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ మేలు, ఎందుకంటే ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తే చదువుతున్నంత కాలం స్టైపెండు వస్తుంది, చదివాక వైద్య కళాశాలల్లో అధ్యాపక పోస్టులకు దారి ఉంటుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. బీడీఎస్ చదివి, సొంత క్లినిక్ పెట్టే స్తోమత లేక తక్కువ జీతానికి వేరేవాళ్ల దగ్గర పనిచేస్తున్నవారికి ఎంపీహెచ్ నిజంగా కొత్త దారి చూపగలదు. సాధారణ బీఎస్సీ చదివినవారికి అది మొదటి వృత్తి డిగ్రీ అవుతుంది, అయితే క్లినికల్ అర్హత అడిగే పోస్టుల్లో వాళ్లు వెనకబడతారు.

నర్సింగ్ చదివినవారి లెక్క వేరు. మన రాష్ట్రంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్‌గా, అంటే ఊరి స్థాయి ఆరోగ్య ఉద్యోగిగా) చేరితే నెలకు 25 వేల స్థిర వేతనం ఉంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పనితీరును బట్టి నెలకు 15 వేల దాకా ప్రోత్సాహకం కూడా ఉంది గాని, అది నెలనెలా ఒకేలా చేతికి అందుతుందని నమ్మి లెక్క వేయకూడదు. ఆ ఉద్యోగం వదిలి రెండేళ్లు చదివితే, స్థిర వేతనం మాత్రమే చూసినా 6 లక్షలు వదులుకున్నట్టే. ఫీజు, హాస్టల్, మెస్ ఖర్చులకు ఈ 6 లక్షలు కలపకుండా వేసే లెక్క తప్పు లెక్క.

దారుల వారీగా అంకెలు చూద్దాం. ఇక్కడ నేను వాడుతున్న ఫీజులు, జీతాలు లెక్క కోసం అనుకున్నవి. చదివేవారు తమ సీటు ఫీజు, తమకు దొరకగల జీతం వాటి స్థానంలో వేసుకోవాలి.

ప్రభుత్వ సంస్థలో రెండేళ్లకు అన్నీ కలిపి 3 లక్షలు అప్పు చేశారనుకుందాం. వడ్డీ ఏడాదికి 10 శాతం. సగం మొదటి ఏడాది, సగం రెండో ఏడాది తీసుకుంటారు. చదువు రెండేళ్లు, ఆపైన ఏడాది వాయిదా కట్టనవసరం లేదు కాని వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. వాయిదాలు మొదలయ్యే నాటికి బాకీ 3 లక్షల 75 వేలు అవుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 6,200 కట్టాలి. 40 వేల జీతం వస్తే అది ఆరో వంతుకు లోపే. జీతం 30 వేలే వచ్చినా, హైదరాబాద్‌లో షేరింగ్ గదిలో ఉంటూ, ఇంటికి కొంత పంపుతూ కూడా తీర్చవచ్చు. ఉద్యోగం నాలుగు నెలలు పోయినా తండ్రి కొబ్బరి కాయల డబ్బులతోనో, అన్న సాయంతోనో ఆ వాయిదాలు గడిచిపోతాయి. చిన్న అప్పుకు ఉన్న అసలు బలం ఇదే: చెడ్డ సంవత్సరాన్ని తట్టుకుంటుంది.

ఈ మొదటి దారిలో సంస్థలు తక్కువేమీ లేవు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో అచ్యుత మీనన్ కేంద్రం 1990ల నుంచే ఎంపీహెచ్ నడుపుతోంది; పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వంటివి కూడా ఉన్నాయి. సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్షో ఇంటర్వ్యూనో గట్టిగా ఉంటుంది. మన జిల్లాల పిల్లలు ఒక ఏడాది సీటు రాకపోతే వెంటనే ప్రైవేటు వైపు తిరుగుతారు. ఆ తొందర వద్దు. ఏడాది ఆగి, ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ రాస్తే పోయేదేమీ లేదు; ఆ అనుభవం ఇంటర్వ్యూలో అక్కరకు వస్తుంది కూడా.

అప్పు దొరకడం విషయంలోనూ ఈ దారిదే పైచేయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు గాని హామీదారు గాని లేకుండా రుణం ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ అందులోకి వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై చదువు కాలానికీ ఆపైన వాయిదా లేని ఏడాదికీ 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, కాని ఏటా పరిమిత సంఖ్యలోనే ఇస్తారు. ఆదాయం 4 లక్షల 50 వేల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీ మొత్తం కేంద్రమే భరించే పథకం కూడా ఉంది. అది వర్తించిందనుకుంటే పై లెక్కలో బాకీ 3 లక్షల దగ్గరే ఆగి, నెల వాయిదా 5 వేలకు లోపే వస్తుంది. తాము చేరే కోర్సు ఆ పథకాల కిందికి వస్తుందో లేదో బ్యాంకులో అడిగి, మంజూరు పత్రంలో రాయించుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఆలస్యం చేయకుండా ముందే తీసి ఉంచుకోవాలి.

ఇప్పుడు రెండో దారి. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 10 లక్షలు అప్పు, వడ్డీ పదిన్నర శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు 87 పైసలు. రెండు రూపాయల వడ్డీకి అప్పులు తెచ్చి సాగు చేసినవాళ్లకు ఈ వడ్డీ చాలా తక్కువగా అనిపిస్తుంది, ఆ మాట నిజం కూడా. కాని తక్కువ వడ్డీకి తెచ్చిన పెద్ద అప్పు, ఎక్కువ వడ్డీకి తెచ్చిన చిన్న అప్పు కన్నా బరువుగా ఉండగలదు. వాయిదాలు మొదలయ్యేసరికి ఈ 10 లక్షలు 12 లక్షల 60 వేలు దాటుతాయి. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17 వేలు. మొదటి ఉద్యోగం 35 వేలదైతే జీతంలో సగం వాయిదాకే పోతుంది.

దానివల్ల జరిగేదేమిటంటే, ఆ అమ్మాయి గాని అబ్బాయి గాని ప్రజారోగ్యంలో మిగలలేరు. పలాసలో 30 వేలకు పరిశోధన సహాయకుల పోస్టు పడినా చేరలేరు. పార్వతీపురం మన్యంలో మలేరియా మీద పనిచేసే సంస్థ పిలిచినా వెళ్లలేరు. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌కో, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే కంపెనీకో, ఆసుపత్రి మార్కెటింగ్‌కో వెళతారు. ఆ ఉద్యోగాల్లో తప్పేమీ లేదు, కాని వాటికి 10 లక్షల ఎంపీహెచ్ అవసరం లేదు. అప్పు తీర్చడానికి ఆ చదువునే పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆ డబ్బు దేనికోసం ఖర్చు చేశామన్న ప్రశ్నకు జవాబు ఉండదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఉద్దానానికి అవసరమైన మనిషి ఉద్దానంలోనే పుట్టి, ఆ పనికే చదివి, ఆ చదువుకు చేసిన అప్పు వల్లనే ఉద్దానానికి రాలేకపోతున్నాడు.

25 వేల ఎంఎల్‌హెచ్‌పీ ఉద్యోగం వదిలి ఈ దారిలో వెళ్లిన నర్సు లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. 10 లక్షల అసలు, చదువు కాలపు వడ్డీ రెండున్నర లక్షలకు పైగా, వదులుకున్న జీతం 6 లక్షలు కలిపితే 18 లక్షలు దాటింది. చదివాక 40 వేల ఉద్యోగం వచ్చిందనుకున్నా పెరిగింది నెలకు 15 వేలు, ఏడాదికి 1 లక్షా 80 వేలు. వాయిదాల కాలంలో పడే వడ్డీని పక్కన పెట్టినా, పెట్టింది తిరిగి రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అదే నర్సు 3 లక్షల ఖర్చుతో చదివితే వదులుకున్న జీతంతో కలిపి పది లక్షల లోపు; ఐదున్నర ఏళ్లలో సమం అవుతుంది. ప్రైవేటులోనూ మంచి అధ్యాపకులున్న సంస్థలు ఉన్నాయి, ఫీజు రాయితీ ఇచ్చేవీ ఉన్నాయి. అసలు అప్పు 5 లక్షల లోపుకు దిగితే అప్పుడు ఆలోచించవచ్చు.

విదేశాల సంగతి విడిగా, కాస్త ఓపికగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ లాభమూ పెద్దదే, నష్టమూ పెద్దదే. అమెరికా కార్మిక శాఖ గణాంకాల ప్రకారం 2023 మేలో ఎపిడెమియాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 81,390 డాలర్లు, అంటే సగంమందికి అంతకన్నా ఎక్కువ, సగంమందికి తక్కువ. రూపాయల్లోకి మార్చి చూస్తే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. కాని అది అనుభవం ఉన్నవారితో కలిపి తీసిన అంకె, అక్కడ పనిచేసే అనుమతి ఉన్నవారి అంకె. రెండేళ్ల చదువుకు ట్యూషన్, బతకడానికి అయ్యే ఖర్చు కలిపితే చవకైన రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనూ అరవై వేల డాలర్ల చుట్టూ తేలుతుంది, పేరున్న ప్రైవేటు సంస్థల్లో లక్ష దాటుతుంది. సొంత డబ్బు కొంత పోను 45 లక్షలు అప్పు, 11 శాతం వడ్డీ అనుకుంటే, వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ 57 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 79 వేలు, పదిహేనేళ్లలో తీర్చాలంటే సుమారు 65 వేలు.

అక్కడ ఉద్యోగం దొరికి నిలబడితే ఈ వాయిదా పెద్ద కష్టం కాదు, నిజం చెప్పాలంటే నాలుగు దారుల్లోనూ అప్పు అన్నిటికన్నా వేగంగా తీరేది అప్పుడే. డాలరు బలపడే కొద్దీ రూపాయల్లో ఉన్న అప్పు తేలికవుతుంది కూడా. 2014లో 60 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2024 నాటికి 83 దాటింది. అయితే చదువుకునే రెండేళ్లలో అదే మార్పు ఎదురు తిరుగుతుంది. రెండో ఏడాది ఫీజుకు మొదట అనుకున్నదాని కన్నా ఎక్కువ రూపాయలు కావాలి.

దొరికి నిలబడడమే సమస్య. సాధారణ ఎంపీహెచ్‌కు చదువు తరువాత ఓపీటీ కింద, అంటే విదేశీ విద్యార్థులకు ఇచ్చే తాత్కాలిక ఏర్పాటు కింద, పనిచేసే అనుమతి 12 నెలలే. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ వంటి విభాగాలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోని కోడ్ కింద నమోదై ఉంటే మరో 24 నెలలు వస్తుంది. కాబట్టి విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు కోడ్ ఏమని ఉందో సీటు ఒప్పుకునే ముందే చూడాలి; ఈ ఒక్క కోడ్ మీద రెండేళ్ల జీతం ఆధారపడి ఉంది. ఆ తరువాత అక్కడ ఉద్యోగంలో కొనసాగడానికి కావలసిన హెచ్-1బీ వీసా లాటరీ. విశ్వవిద్యాలయాలకు, వాటికి అనుబంధమైన పరిశోధన సంస్థలకు లాటరీ నుంచి మినహాయింపు ఉంది, అది ప్రజారోగ్యంవారికి నిజంగా ఉపకరించే అంశం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకొని వీసా స్థితి మార్చుకునేవారికి అది వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు. ఒక్క ప్రకటనతో ఇంత మారిపోగల నియమాల మీద పదిహేనేళ్ల అప్పు ఆధారపడి ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. పైగా 2025లో అమెరికా ఆరోగ్య శాఖ వేల ఉద్యోగాలు తీసేసింది, అందులో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ఉద్యోగాలు కూడా ఉన్నాయి. అనుభవం ఉన్న ఆ పౌరులతో పోటీపడి ఉద్యోగం వెతుక్కోవాల్సింది మన పిల్లలే. ఉద్యోగం దొరక్క తిరిగి వస్తే, విదేశీ డిగ్రీకి ఇక్కడ కొంచెం ఎక్కువే ఇచ్చి 60 వేలు జీతం వేసినా, అది వాయిదాకు కూడా చాలదు.

బ్రిటన్‌లో ఎంపీహెచ్ ఏడాదిలో అయిపోతుంది, కాబట్టి మొత్తం ఖర్చు తక్కువ. చదివాక రెండేళ్లు పనిచేసుకోనిచ్చే వీసాను 2027 జనవరి నుంచి చేసుకునే దరఖాస్తులకు 18 నెలలకు తగ్గిస్తున్నారు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే మాత్రం రెండో ఆలోచన లేకుండా వెళ్లాలి. చెవ్‌నింగ్, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు ప్రజారోగ్యం చదివేవారికి తెరిచే ఉన్నాయి. ఎస్సీ విద్యార్థులకు, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ విదేశీ విద్యకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి. మన్యం పిల్లల్లో వీటి సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ, ఎవరైనా చెప్పాలి.

తాకట్టు విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఉద్దానం రైతు ఒకరు జీడితోట పట్టాదారు పాసుపుస్తకం తీసుకొని బ్యాంకుకు వెళతారు. అధికారి దాన్ని తిరగేసి చూసి, "తోట పనికిరాదు బాబూ, టౌన్లో రిజిస్టరైన ఇల్లు గాని సైటు గాని ఉందా?" అని అడుగుతారు. బాకీ పడితే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే ఆ ప్రశ్న. ఊళ్లో డాబా ఉన్నా అది గ్రామకంఠంలో ఉంటే చాలాసార్లు చేతిలో దస్తావేజు ఉండదు. అప్పుడు ఆ కుటుంబం తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీల వైపు తిరుగుతుంది. అక్కడ వడ్డీ 12, 13 శాతానికి పైన ఉంటుంది, చాలా కంపెనీలు చదువుతున్నప్పుడే వడ్డీ కట్టమంటాయి. లేదా విశాఖలో ఉన్న బావగారి ప్లాటు తాకట్టుకు అడుగుతారు. ఆ క్షణం నుంచి ఆ అప్పు రెండు కుటుంబాలది. ఎకరాల్లో ఆస్తి ఉన్నా బ్యాంకు దృష్టిలో లేనట్టే కాబట్టి, మన దగ్గర విదేశీ చదువు అప్పు నగరాల పిల్లలకన్నా ఖరీదుగా పడుతుంది.

ఇక నాలుగో దారి, నేను ఎక్కువగా మొగ్గేది. నర్సింగ్ చదివిన అమ్మాయి రెండేళ్లు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తే బీపీ, షుగరు పరీక్షల నుంచి గర్భిణుల నమోదు దాకా అసలు సమాచారం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ తప్పు పడుతుందో ప్రత్యక్షంగా చూస్తుంది. కుటుంబ అవసరాలు పోను నెలకు 8 వేలు దాచినా రెండేళ్లకు 1 లక్షా 92 వేలు చేతిలో ఉంటాయి. ప్రభుత్వ సంస్థలో చేరితే సగానికి పైగా ఖర్చు అందులోనే వెళుతుంది. ఈ రెండేళ్లలోనే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్లో ఉచితంగా నేర్పే హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు చేయవచ్చు, ధ్రువపత్రం కావాలంటే పరీక్ష ఫీజు కడితే చాలు. అంకెల పని తనకు నచ్చుతుందో లేదో లక్షలు పెట్టకముందే అక్కడ తెలిసిపోతుంది. నచ్చలేదనుకోండి, ఆ అమ్మాయికి పోయింది కొన్ని సాయంత్రాలే.

ఈ దారికి ఉన్న లోటు కూడా చెప్పాలి. కాంట్రాక్టు ఉద్యోగానికి చదువు సెలవు ఉండదు, రాజీనామా చేసే వెళ్లాలి. ఇంట్లో పెళ్లి మాటలు మొదలైతే చదువు వాయిదా పడిపోయే ప్రమాదం అమ్మాయిలకు ఎక్కువ. అటువంటి ఒత్తిడి ఉన్న ఇంట్లో, ప్రభుత్వ సంస్థలో సీటు వచ్చి ఉంటే, ఆగకుండా వెంటనే చేరడమే మంచిది. మూడు లక్షల అప్పు ఆ స్వేచ్ఛకు పెద్ద ధర కాదు.

బీడీఎస్, బీఫార్మసీ, బీఎస్సీ పిల్లలకు ఎంఎల్‌హెచ్‌పీ వంటి తలుపు లేదు కాబట్టి వాళ్లు వదులుకునే జీతం తక్కువ, చదువులో చేరడానికి కారణం ఎక్కువ. వాళ్ల కోసం నేను పెట్టుకున్న హద్దు ఒకటి: వాయిదాలు మొదలయ్యేనాటికి ఉండే బాకీ, తమకు దొరకగల అతి సాధారణ ఉద్యోగపు ఏడాది జీతం దాటకూడదు. 30 వేల ఉద్యోగం దొరుకుతుందని గట్టిగా నమ్మితే బాకీ 3 లక్షల 60 వేలు. బాగా చదివినవారికి వచ్చే 50 వేల ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది వస్తే అప్పు త్వరగా తీరుతుంది, అంతే.

జీతాల సంగతి తెలుసుకోవడానికి అమెరికాలో ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు చదివినవారికి ఎంత అప్పు, ఎంత సంపాదన అన్నది ఆ దేశపు విద్యాశాఖే కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరుతో 2019 నుంచి ప్రజల ముందు పెడుతోంది. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది, కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే వివరాలు. అందులో రెండేళ్ల పీజీ పూర్తిచేసినవారు ఎందరు, ఉద్యోగం వచ్చినవారు ఎందరు, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత అని ఉంటుంది. అన్ని పీజీ కోర్సులూ కలిపేసి చూపిస్తారు కాబట్టి ఎంబీఏ జీతాలు ఎంపీహెచ్ అంకెను పైకి లాగవచ్చు. అందువల్ల ప్రవేశాల విభాగానికి ఫోన్ చేసి, గత రెండు బ్యాచ్‌ల ఎంపీహెచ్ వాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో విడిగా అడగాలి. అత్యధిక ప్యాకేజీ చెబితే ఆగి, అతి తక్కువ జీతం ఎంతో, ఆరు నెలలైనా ఉద్యోగం రానివాళ్లు ఎందరో అడగాలి. చెప్పలేకపోతే ఆ బ్యాచ్‌లలో చదివిన తెలుగు పిల్లలు ఇద్దరి నంబర్లు ఇమ్మనాలి. ఈ మాటలు పూర్తయ్యేదాకా సీటు ఖరారు ఫీజు కట్టకూడదు, ఎందుకంటే చాలాచోట్ల ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టమవుతుంది.